దశబంధము, డివిడెండు: కోలారు సీమలోని రెండు రాబడులు

‘కూర్చుండి తిన్న కొండలైనను కరగును’ అని మన పెద్దల మాట. అయినను కూర్చుండియే తినదగిన రాబడి యొకటి తనకుండవలెనను కోరిక ఏ కాలమునందును లేకపోలేదు. కోలారు సీమ చరిత్రలో అట్టి రాబడులు రెండు కానవచ్చుచున్నవి. ఒకటి చెరువు కట్టించినవానికి లభించినది. రెండవది బంగారు గనిలో వాటా కొన్నవానికి లభించినది. మన పూర్వులు తటాకమును, ధననిక్షేపమును రెండింటిని సప్తసంతానములలో చేర్చిరి. కాని ఈ రెండు సంతానములును ఒక్క తీరున తలిదండ్రులను పోషింపలేదు.

కోలారు మండలమున జీవనది లేదు. పాలారు ఉన్నను సంవత్సరములో అధికభాగము ఎండియే యుండును. కావున ఇచటి సేద్యమంతయు చెరువులపై ఆధారపడినది. చెరువు కట్టించుటకు రాజు బొక్కసమునుండి ధనము వెచ్చింపనక్కర లేకుండ ఒక ఏర్పాటుండెను. ధనవంతుడో, గ్రామపెద్దయో తన సొమ్ముతో కట్ట వేయించును. మెట్ట మాగాణి యగును, పన్ను పెరుగును. అట్లు పెరిగిన ఫలములో పదియవ వంతు గాని, దానికి సరియగు మాగాణి గాని కట్టించినవానికి పుత్రపౌత్ర పారంపర్యముగా విడువబడును. దీనినే తెలుగు శాసనములు దశబంధమనినవి. కోలారు ప్రాంతపు కన్నడ శాసనములలో కట్టుకొడిగె యనునది ఇట్టిదే. లూయీ రైస్ దొర 1905లో ప్రకటించిన కోలారు శాసన సంపుటమున ఇట్టి దానములు పెక్కు కలవు.

పైకి చూచినచో ఇది దున్నకయే, విత్తకయే వచ్చు పంట. కాని మొదటి వ్యయము సామాన్యము కాదు. కడప మండలములోని పోరుమామిళ్ల చెరువును గూర్చిన 1369 నాటి శాసనము, దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు చెప్పుచున్నది. అది రాజకుమారుడగు భాస్కరుని పని. చిన్న గ్రామపు చెరువుకు అంత లేకున్నను, కట్టించినవాని కలిమికి తగినంత భారమే. అటుపై ఆ మాన్యము ఊరక తినుటకిచ్చినది కాదు. గండి పడిన పూడ్చవలెను, తూము బాగుచేయవలెను, పూడు తీయింపవలెను. పూడు తీయు బండ్లకు ప్రత్యేకముగా మాన్యము చూపిన శాసనములును మైసూరు సీమలో కలవు. చెరువు ఎండినచో పదియవ వంతును ఎండును. ఇందలి నేర్పంతయు ఇదియే: భోక్త లాభము, గ్రామము లాభము ఒకే తూముగుండ ప్రవహించినవి. అయితే తరములు గడచిన కొలది కొందరు మాన్యమును గుర్తుంచుకొని మరమ్మతును మరచిరనుటయు సత్యమే. తుదకు 1954 నాటి మైసూరు శాసనముతో వ్యక్తిగత, ఇతర ఇనాములు రద్దయినవి.

ఇక బంగారము. 1802లో సరిహద్దులు కొలువ వచ్చిన లెఫ్టినెంటు వారెన్‌కు గ్రామస్థులు మట్టి కడిగి బంగారు రేణువులు చూపిరి. 1875లో లావెల్ అను నతడు మైసూరు ప్రభుత్వమునుండి త్రవ్వుకొను హక్కు పొంది, కొలదికాలములోనే దానిని ఇతరుల పరము చేసెను. 1880లో జాన్ టేలర్ సంస్థ నిర్వహణమున మైసూరు గోల్డ్ మైనింగ్ కంపెనీ ఏర్పడెను. తొలి యేండ్లలో మూలధనము దాదాపుగా హరించెను. పూర్వులు త్రవ్వి విడిచిన గోతుల జాడ పట్టి కెప్టెన్ ప్లమ్మర్ చాంపియన్ రీఫును కనుగొనిన పిదప లండను వాటాదారుల దశ తిరిగెను. ఆ కథనే లోకము చెప్పుకొనును. అదే కాలమున వయనాడు బంగారమును నమ్మి లండనున లేచిన కంపెనీలలో పెక్కులు వాటాదారుల సొమ్మును మ్రింగి మాయమైనవి. వాటి కథ చెప్పువారు అరుదు.

డివిడెండు పొందినవాడు కోలారును చూడనక్కర లేదు. సంస్థానమునకు నూటికి ఐదు వంతున రాయల్టీ ముట్టెను. గనిలోనికి దిగినవారు చిత్తూరు, ఆర్కాటు సీమలనుండి వచ్చిన తెలుగు, తమిళ కూలీలు. గని లోతు తుదకు మూడు కిలోమీటర్లు దాటెను. రాతి ప్రేలుళ్లును, రాతిధూళివలన వచ్చు ఊపిరితిత్తుల రోగమును వారి పాలివి. రాబడి కూర్చున్నవానిదైనను కష్టము ఎక్కడనో ఒకచోట ఉండియే తీరినది.

ఈ రెండు కథలును కలిసిన స్థలమొకటి కలదు. అది పాలారుపై నున్న బేతమంగళము చెరువు. 10వ శతాబ్దిలో ఇఱివ నొలంబుని కాలమున, మరల 12వ శతాబ్దిలో హొయ్సలుల కాలమున దీనిని బాగుచేయించినట్లు శాసనములు చెప్పుచున్నవి. ఇరువదవ శతాబ్దిలో బంగారు గనుల పట్టణమునకు త్రాగునీరు అచటినుండియే పోయెను. తొమ్మిదివందల యేండ్లకు పూర్వము గండి పూడ్చినవారి కష్టము లండను డివిడెండులోనికి చేరినదని ఏ లెక్కల పుస్తకమునను వ్రాసియుండలేదు.

గనులు 1956లో ప్రభుత్వపరమైనవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడి, 2001 ఫిబ్రవరి 28న మూతపడెను. సుమారు 800 టన్నుల బంగారము వెలికివచ్చిన చోట నేడు సయనైడు దిబ్బలు నిలిచియున్నవి. వాటాదారులకు ఆ దిబ్బలలో వాటా లేదు.

ముళబాగిలు, శ్రీనివాసపురము వైపు చెరువుకట్టలమీద, తూముల చెంత ఇప్పటికిని శాసనశిలలు కొన్ని నిలిచియున్నవి. మన కుటుంబములలో కొన్నింట పాత సన్నదులును మిగిలియుండవచ్చును. ఏ యేటి కరవున ఎవరు ఎంత వెచ్చించి ఏ గండి పూడ్చిరో అందు తెలియును. వానికి ప్రతులు వ్రాయించి సంఘమునకు పంపుడని సభ్యులను కోరుచున్నాను.