ప్రాసిక్యూటర్ నోరు ఎక్కడ తెరవాలి?



పోయిన వారం చుండూరు గురించి రాస్తే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మన మీద విషం కక్కే వక్తల గురించి పబ్లిక్ ప్రాసిక్యూటర్లు బయట ఎందుకు మాట్లాడరు? మాట్లాడితే తప్పేంటి?"

ఒకప్పుడు నేనూ అదే కోరుకున్నాను. ఇప్పుడు కోరుకోవడం లేదు.

ప్రాసిక్యూటర్ పోలీసుల వకీలు కాదు, బాధితుల వకీలూ కాదు. రాజ్యం తరఫున కోర్టుకు నిజం చెప్పాల్సిన మనిషి. నిందితుడు నిర్దోషి అని చూపే సాక్ష్యాన్ని దాచకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది.

ముంబై దాడుల కేసు గుర్తుందా? కసబ్ జైల్లో మటన్ బిర్యానీ అడిగాడని ప్రాసిక్యూటర్ ఉజ్వల్ నికమ్ మీడియాకు చెప్పారు. దేశమంతా మండిపడింది. 2015లో ఆయనే ఒప్పుకున్నారు, అది తాను కల్పించిన మాటని. కసబ్ మీద జనానికి జాలి కలుగుతుంటే ఆపడానికి అలా చెప్పారట. సాక్ష్యాలకు కొదవలేని కేసులోనే బయట ఇంత కట్టుకథ నడిస్తే, సాక్ష్యం లేని కేసుల సంగతేంటి?

ఖైర్లాంజీ కేసుకూ ఆయనే స్పెషల్ ప్రాసిక్యూటర్. 2006 సెప్టెంబర్ 29న భోత్మాంగే కుటుంబంలో నలుగురిని చంపారు. 2008లో భండారా కోర్టు ఆరుగురికి ఉరి, ఇద్దరికి యావజ్జీవం వేసింది. దేశమంతా ఉరి గురించే మాట్లాడుకుంది. అట్రాసిటీ చట్టం కింద నేరం మాత్రం నిలబడలేదు. 2010లో హైకోర్టు ఉరిని 25 ఏళ్ల జైలుగా మార్చింది. మనకు కావాల్సింది కులహత్య అనే ముద్ర. అది కోర్టులో గెలవాల్సింది, టీవీలో కాదు.

ఇక రెండో వైపు చూడండి. 2017 డిసెంబర్ 31న పుణె శనివార్‌వాడలో ఎల్గార్ పరిషత్ జరిగింది. రోహిత్ తల్లి రాధికమ్మ కూడా ఆ వేదిక ఎక్కింది. ఆ కేసులో 2018 ఆగస్టు 28న హైదరాబాద్‌లో వరవరరావు గారిని అరెస్టు చేశారు. మూడు రోజులకే మహారాష్ట్ర పోలీసులు ప్రెస్ మీట్ పెట్టి ఉత్తరాలు చదివారు. కోర్టులో ఉన్న విషయం మీద ప్రెస్ మీట్ ఏంటని బొంబాయి హైకోర్టే అడిగింది. అప్పటికే వాళ్లను జనం ముందు దోషుల్ని చేసేశారు. విచారణ మొదలు కాకుండానే ఏళ్లు జైల్లో గడిచాయి.

తమ్ముడూ, ఆ మైకు ఎవరి మీదకు తిరుగుతుందో చూశావా?

చుండూరులో స్పెషల్ ప్రాసిక్యూటర్ బి. చంద్రశేఖర్ గారు ఊళ్లోనే పెట్టిన కోర్టులో మన సాక్షుల చేత మాట్లాడించారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు కొట్టేసింది, ఆ గాయం మానలేదు. కానీ మనవాళ్లు చెప్పిన సాక్ష్యం రికార్డులో ఉంది. దాన్ని ఎవరూ కట్టుకథ అని ఒప్పుకోవాల్సిన రోజు రాదు.

అందుకే ద్వేషం చిమ్మేవాడి మీద కేసు పెట్టమందాం. ఏ సెక్షన్లు పెట్టారు, ఛార్జిషీటు ఎప్పుడు వేస్తారు అని నిలదీద్దాం. అది చెప్పడం వాళ్ల బాధ్యత. వాడు ఎలాంటివాడో చెప్పే పని మనం చేసుకుందాం, మనకు నోరుంది. ప్రాసిక్యూటర్ నోరు కోర్టులో తెరిస్తే చాలు.

జై భీమ్.