పది డిగ్రీలు పెరిగితే కాంతి దారి తప్పుతుంది.. సిలికాన్ చిప్‌లో ఏం జరుగుతుందంటే?

మీరు ఫోన్‌లో చూసే వీడియో డేటా సెంటర్ నుంచి చాలా దూరం కాంతి రూపంలో, ఫైబర్ కేబుల్‌లోనే వస్తుంది. ఒకే ఫైబర్‌లో పదుల కొద్దీ ఛానళ్లు.. ఒక్కో దానికి ఒక్కో తరంగదైర్ఘ్యం. వీటిని విడదీయడానికి వాడే వాటిలో సిలికాన్ మైక్రో రింగ్ ఒకటి. అందులో కాంతి నడిచే దారి వెడల్పు దాదాపు 500 నానోమీటర్లే!

వేడికీ కాంతికీ లింకేంటి?

రింగ్ చుట్టుకొలతలో సరిగ్గా పూర్తి సంఖ్యలో ఇమిడే తరంగాలనే రింగ్ పట్టుకుంటుంది. మిగతా కాంతి నేరుగా వెళ్లిపోతుంది. సిలికాన్ వేడెక్కితే దాని వక్రీభవన గుణకం పెరుగుతుంది. డిగ్రీకి పెరిగేది 0.0002 లోపే అయినా, రింగ్ పట్టే తరంగదైర్ఘ్యం సుమారు 0.07 నానోమీటర్లు జరుగుతుంది. పక్కపక్క ఛానళ్ల మధ్య దూరం చాలా నెట్‌వర్క్‌లలో 0.8 నానోమీటర్లే. అంటే 11, 12 డిగ్రీలు పెరిగితే చాలు.. రింగ్ తన ఛానల్ వదిలి పక్క ఛానల్‌ను పట్టేస్తుంది. పక్కనే పనిచేసే ప్రాసెసర్ వేడి ఇందుకు సరిపోతుంది.

సమస్యా వేడే.. పరిష్కారమూ వేడే!

రింగ్‌పై సన్నని లోహపు హీటర్ అమర్చి, కరెంట్ పెంచుతూ తగ్గిస్తూ తరంగదైర్ఘ్యాన్ని సరిచేస్తారు. తయారీలో వచ్చే చిన్న తేడాలనూ ఇలాగే దిద్దుతారు. కదిలే భాగాలు అక్కర్లేదు. అయితే ఒక్కో రింగ్‌కు మిల్లీవాట్లలో కరెంట్ నిరంతరం కావాలి. వేల రింగ్‌లుంటే ఆ ఖర్చు చిన్నదేమీ కాదు. పైగా వేడి మెల్లగా పనిచేస్తుంది. మార్పుకు మైక్రోసెకన్లు పడుతుంది. విద్యుత్ పద్ధతులు అంతకంటే వెయ్యి రెట్లకు పైగా వేగం.

హీటర్ లేకుండా కుదరదా?

దీనికీ ఓ దారి ఉంది. టైటానియం డయాక్సైడ్‌లో వేడి పెరిగితే వక్రీభవన గుణకం తగ్గుతుంది. సిలికాన్‌పై దీని పూత వేస్తే ఒకదాని ప్రభావాన్ని మరొకటి చాలావరకు రద్దు చేస్తుంది.

మార్పే కావాలనుకుంటే లెడ్ టెల్యురైడ్ ఉంది. ఇందులోనూ గుణకం తగ్గుతుంది.. కానీ సిలికాన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా. అందుకే పరారుణ కాంతిని వేడితో ట్యూన్ చేసే నానో నిర్మాణాల కోసం దీనిపై పరిశోధనలు చేశారు.

మొత్తానికి వేడిని అదుపులో పెడితే అది పనిముట్టు.. వదిలేస్తే సిగ్నల్‌కే ముప్పు.