బొమ్మ కింద పేరు



చదువుల చరిత్ర మీద రాస్తున్న ఈ వరుసలో ఇవాళ ఒక డ్రాయింగ్ టీచరమ్మ గురించి. ఆమెది మన దేశం కాదు. కానీ ఆమె పాఠం చెప్పిన చోటు మనకు కొత్తది కాదు. దాన్ని ఘెట్టో అంటారు. మన వెలివాడ గురించి ఇంగ్లీషులో రాస్తూ అంబేడ్కర్ వాడిన మాట కూడా అదే.

ఆమె పేరు ఫ్రీడల్ డికర్ బ్రాండైస్. 1898లో వియన్నాలో ఒక యూదు ఇంట్లో పుట్టింది. జర్మనీలో పేరుమోసిన బౌహౌస్‌లో కళ నేర్చుకుంది. 1942 డిసెంబరులో నాజీలు ఆమెనూ భర్తనూ ప్రాగ్‌కి ఉత్తరాన ఉన్న తెరెజిన్ ఘెట్టోకి తోలారు. మనిషికి 50 కిలోల సామానే తెచ్చుకోవాలి. అందులోనే ఆమె పిల్లల కోసం రంగులూ కాగితాలూ సర్దుకుంది.

అక్కడ యూదు పిల్లలకు చదువు నిషేధం. బొమ్మలకూ పాటలకూ మాత్రం అడ్డు చెప్పలేదు. ఆ సందులోంచే ఆమె దూరింది.

అమ్మానాన్నలకు దూరమై, ఆకలితో, రేపు ఎవర్ని రైలెక్కిస్తారో తెలియని పిల్లలు. వాళ్ళని కూర్చోబెట్టి "నీ బాధేంటో చెప్పు" అంటే ఏం చెప్తారు? ఆమె అలా అడగలేదు. లయ వినిపించి, దానికి తగ్గట్టు గీత లాగమనేది. బిగుసుకున్న చెయ్యి సడలేది. ఆ తర్వాత బొమ్మ వాళ్ళిష్టం. ఆఫీసు ఫారాల వెనకవైపు, పొట్లాల కాగితం, ఏది దొరికితే దాని మీదే. వదిలొచ్చిన ఇల్లు గీశారు. పూలు గీశారు. తిండి కోసం నిలబడ్డ వరస గీశారు. ఇది తప్పు, అది వంకర అని ఆమె దిద్దలేదు.

ఒక్కటి మాత్రం పట్టుబట్టేది: బొమ్మ మీద పేరు రాయాలి. నాజీల లెక్కలో ఆ పిల్ల ఒక నంబరు. తన కాగితం మీద మాత్రం మనిషి.

1944 అక్టోబరులో ఫ్రీడల్‌ని ఆష్విట్జ్‌కి తరలించి చంపేశారు. సుమారు 4,500 బొమ్మలు రెండు సూట్‌కేసుల్లో మిగిలాయి. ఇవాళ ప్రాగ్ యూదు మ్యూజియంలో ఉన్నాయి. గీసిన పిల్లల్లో చాలామంది తిరిగి రాలేదు. ఏ బొమ్మ ఎవరిదో మనకు తెలిసిందంటే ఆ పేర్ల వల్లే.

ఆమె శిష్యురాలు ఎడిత్ క్రేమర్ 1938లో అమెరికా చేరింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక బడిలో, నల్లజాతి పిల్లలు ఎక్కువగా ఉన్నచోట, ఈ పద్ధతినే ముందుకు తీసుకెళ్ళింది. చిత్రకళ ద్వారా మనసుకి చేసే వైద్యానికి పునాది వేసినవాళ్ళలో ఆమె ఒకరు.

ఇక మన సంగతి. నేను హాస్టల్లో చదువుకున్నవాణ్ణి. మా డ్రాయింగ్ పీరియడంటే బోర్డు మీది మామిడిపండుని అచ్చు గుద్దినట్టు దించడం. గీత తప్పితే దెబ్బ. ఇల్లు గుర్తొచ్చి రాత్రి దుప్పట్లో ఏడ్చిన ఏడుపుకి పగటి కాగితం మీద చోటు లేదు.

అందుకే టీచర్లుగా ఉన్న మన అక్కలకూ అన్నలకూ ఒక మాట. ఆరేళ్ళ పిల్ల పేజీ నిండా నలుపు పూస్తే "ఇదేం బొమ్మ" అని గదమాయించకండి. పక్కన కూర్చోండి. చెప్తే వినండి, చెప్పకపోతే ఊరుకోండి. చివర్లో పేరు రాయించండి.

కులం పేరే తిట్టుగా వింటూ పెరిగే పిల్లకి, తన పేరు తనే రంగుతో రాసుకోవడం చిన్న విషయం కాదు.

జై భీమ్.