అమెరికా క్యాన్సర్ పరిశోధనలో వైవిధ్యం: నిధుల భాగస్వామ్యాల చరిత్ర

అమెరికాలో నల్లజాతి వారు, లాటినోలు, మూలవాసులు, పసిఫిక్ దీవుల వారు ఎక్కువగా చదువుకునే చిన్న విద్యాసంస్థలు కొన్ని ఉన్నాయి. వాటిని పేరుమోసిన క్యాన్సర్ కేంద్రాలతో జతచేసి, ఇద్దరికీ కలిపి నిధులిచ్చి పరిశోధన, శిక్షణ సాగించే ఏర్పాట్లే ఈ భాగస్వామ్యాలు. అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థ (ఎన్‌సీఐ) 2001లో దీన్నొక జాతీయ కార్యక్రమంగా మొదలుపెట్టింది. ‘అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థలు, క్యాన్సర్ కేంద్రాల భాగస్వామ్యం’ అన్నది దాని తొలి పేరు. తరవాత అది ‘క్యాన్సర్ ఆరోగ్య సమానత్వ భాగస్వామ్యాలు’గా మారింది.

డబ్బు ఎంత ఇచ్చారన్నది ఒక సంగతి. ఆ డబ్బుతో ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో ఎవరు నిర్ణయించారన్నది వేరే సంగతి. ఈ చరిత్రలో రెండోదే ముఖ్యం.

టస్కీగీలో రెండు ముఖాలు

ఈ కథకు మూలాలు 2001 కంటే చాలా వెనక ఉన్నాయి. 1951 అక్టోబరు 4న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెటా లాక్స్ అనే 31 ఏళ్ల నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయింది. పరిశోధన కోసమని ఆమెకు చెప్పకుండానే తీసిన కణితి ముక్కలోని కణాలు ల్యాబులో చావకుండా పెరుగుతూ పోయాయి. శాస్త్రలోకం వాటికి హీలా కణాలని పేరు పెట్టుకుంది. సరిగ్గా ఆ కాలంలోనే జోనాస్ సాల్క్ తయారు చేసిన పోలియో టీకాను భారీ ఎత్తున పరీక్షించాల్సి వచ్చింది. టీకా వేసుకున్న పిల్లల రక్తంలో రక్షణ ఏర్పడిందో లేదో తేల్చడానికి లెక్కలేనన్ని కణాలు కావాలి. హీలా కణాలు ఆ పనికి చక్కగా పనికొచ్చాయి.

వాటిని ఎక్కడ పెంచాలి? పోలియో పరిశోధనకు డబ్బు సమకూర్చే జాతీయ ఫౌండేషన్‌లో చార్లెస్ బైనమ్ అనే నల్లజాతి అధికారి ఉండేవాడు. ఒకప్పుడు సైన్సు పాఠాలు చెప్పినవాడు. ఆ కేంద్రాన్ని అలబామాలోని టస్కీగీ ఇన్‌స్టిట్యూట్‌లో పెడితే నల్లజాతి కళాశాలకు నిధులు, యువ శాస్త్రవేత్తలకు ఉద్యోగాలు, శిక్షణ దొరుకుతాయని పట్టుబట్టి సాధించాడు. రసెల్ బ్రౌన్, జేమ్స్ హెండర్సన్ అనే ఇద్దరు నల్లజాతి శాస్త్రవేత్తలు ఆ ల్యాబును నడిపారు. పని జోరందుకున్నాక వారానికి సుమారు 20,000 గొట్టాల కణాలు అక్కడి నుంచి దేశం నలుమూలలకీ వెళ్లాయి. 1953 నుంచి 1955 మధ్య పంపిన గొట్టాలు 6 లక్షల దాకా ఉంటాయి. నేటి భాగస్వామ్యాలకు పూర్వరూపం చూపమంటే చూపాల్సింది దీన్నే.

అయితే అదే టస్కీగీ పేరుతో ఒక ఘోరం కూడా ముడిపడి ఉంది. అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం 1932 నుంచి 1972 దాకా ఆ ప్రాంతపు నల్లజాతి మగవాళ్లను సుమారు 600 మందిని ‘పరిశోధన’లో పెట్టుకుంది. వారిలో 399 మందికి సిఫిలిస్ ఉంది. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా వైద్యం చేయకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. ప్రభుత్వం తరఫున అధ్యక్షుడు క్లింటన్ 1997లో క్షమాపణ చెప్పాడు. 1999లో టస్కీగీ విశ్వవిద్యాలయంలో పరిశోధన నైతికతకు ఒక జాతీయ కేంద్రం వెలిసింది. ఆ తరవాత మోర్‌హౌస్ వైద్య కళాశాల, బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయ క్యాన్సర్ కేంద్రంతో కలిసి టస్కీగీ ఎన్‌సీఐ భాగస్వామ్యంలో చేరింది. ఒక ఊరి జనాన్ని పరిశోధనకు వాడుకోవడం వేరు, ఆ ఊరివాళ్లు పరిశోధన చేయడం వేరు. ఆ రెండూ ఈ ఒక్క చోటే జరిగాయి.

హోవర్డ్ లెక్కలు, హార్లెమ్ ఆసుపత్రి

1971 డిసెంబరులో నిక్సన్ జాతీయ క్యాన్సర్ చట్టంపై సంతకం చేశాక పెద్ద కేంద్రాలకు నిధులు ధారాళంగా వచ్చాయి. అయితే క్యాన్సర్ భారం అప్పటికే అందరిపైనా ఒకేలా లేదు. వాషింగ్టన్‌లోని నల్లజాతి విశ్వవిద్యాలయం హోవర్డ్‌కు చెందిన వైద్యులు 1973లో ఒక పత్రం ప్రచురించారు. 1950 నుంచి 1967 మధ్య నల్లజాతి వారిలో క్యాన్సర్ మరణాలు ఆందోళనకరంగా పెరిగాయని అందులో చూపారు. ఆ లెక్కలు దేశం ముందే ఉన్నా, తీసి చూసింది మాత్రం హోవర్డ్ వైద్యులే. వారిలో ఒకరైన శస్త్రవైద్యుడు లాసాల్ లెఫాల్ 1978లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీకి తొలి నల్లజాతి అధ్యక్షుడయ్యాడు.

న్యూయార్క్‌లోని హార్లెమ్ ఆసుపత్రిలో హెరాల్డ్ ఫ్రీమన్ అనే శస్త్రవైద్యుడికి రోజూ ఎదురైన దృశ్యం ఇంకా బాధాకరం. రొమ్ము క్యాన్సర్‌తో వచ్చిన స్త్రీలలో దాదాపు సగం మందికి జబ్బు అప్పటికే ముదిరిపోయి ఉండేది. 1964-86 మధ్య అక్కడ వైద్యం పొందిన 606 మందిలో అయిదేళ్లు బతికినవారు 39 శాతమే. హార్లెమ్‌లోని నల్లజాతి మగవాళ్లు 65 ఏళ్లు నిండేదాకా బతికే అవకాశం బంగ్లాదేశ్ మగవాళ్ల కంటే తక్కువని 1990లో అతను మరో వైద్యుడితో కలిసి రాసిన వ్యాసం దేశాన్ని ఉలిక్కిపడేలా చేసింది. అదే ఏడు రోగి వెంట ఉండి, పరీక్షల నుంచి చికిత్స దాకా దారి చూపే సహాయకుల పద్ధతిని హార్లెమ్‌లో ప్రవేశపెట్టాడు. తక్కువ ఖర్చుకో, ఉచితంగానో పరీక్షలు కూడా తోడయ్యాయి. 1995-2000 నాటికి అయిదేళ్లు బతికినవారు 70 శాతానికి చేరారు. ఎన్‌సీఐ ఆరోగ్య అసమానతల తగ్గింపు కేంద్రాన్ని ఏర్పాటు చేసినప్పుడు దానికి తొలి సారథి ఫ్రీమనే. నిధుల భాగస్వామ్యాలన్నీ తరవాత ఆ కేంద్రం గొడుగు కిందకే వచ్చాయి.

చట్టాలూ నివేదికలూ తమ వంతు చేశాయి. 1993 చట్టం వైద్య పరిశోధనల్లో స్త్రీలనూ అల్పసంఖ్యాక వర్గాలనూ చేర్చుకోవడం తప్పనిసరి చేసింది. 1999లో వైద్య సంస్థ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్) ఇచ్చిన నివేదిక మాత్రం సూటిగా డబ్బు లెక్కలే అడిగింది. 1997లో అల్పసంఖ్యాక, నిరుపేద వర్గాలకు సంబంధించిన పరిశోధనపై 12.4 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టామని ఎన్‌సీఐ చెప్పింది. నివేదిక రాసిన కమిటీ లెక్క కడితే తేలినవి 2.4 కోట్లు, అంటే మొత్తం బడ్జెట్‌లో ఒక శాతం చిల్లర. భాగస్వామ్యాల కార్యక్రమం మొదలైంది ఆ తరవాత రెండేళ్లకు.

రెండు సంస్థలు, రెండు గ్రాంట్లు

ఈ ఏర్పాటులో మెచ్చుకోదగ్గది గ్రాంటు అల్లిక. నిధులన్నీ పెద్ద కేంద్రానికిచ్చి, అందులోంచి చిన్న కళాశాలకు కొంత విదిలించే పాత పద్ధతి కాదిది. రెండు సంస్థలూ జోడు దరఖాస్తులు పెడతాయి, రెంటికీ విడివిడిగా డబ్బు వస్తుంది. ప్రతి పరిశోధనకూ రెండు వైపుల నుంచీ నాయకులుంటారు. ముందు చిన్న ప్రణాళికా గ్రాంటు, అది నిలదొక్కుకుంటే అయిదేళ్ల పూర్తి గ్రాంటు. ల్యాబు పనితో పాటు విద్యార్థుల శిక్షణ, జనంలోకి వెళ్లి చేసే పని కూడా ఆ గ్రాంటులో భాగాలే.

నాష్‌విల్‌లో ఇది ఎలా పండిందో చూడాలి. 1876లో పుట్టిన మెహారీ నల్లజాతి వైద్య కళాశాల, సంపన్నమైన వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం ఒకే ఊళ్లో ఉన్నాయి. వీటి పొత్తులో, వేరే ఎన్‌సీఐ గ్రాంటుతో, దక్షిణాది 12 రాష్ట్రాల్లో 2002 నుంచి 2009 దాకా సుమారు 85,000 మందిని చేర్చుకుని ఒక దీర్ఘకాల అధ్యయనం మొదలైంది. అందులో మూడింట రెండు వంతుల మంది నల్లజాతి వారు. ఎక్కువమందిని చేర్చుకున్నది పేదలు వెళ్లే సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో. ఈ సమాచారం ఆధారంగా 2019లో ఒక లోపం బయటపడింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ స్క్రీనింగ్‌కు అప్పటి నిబంధన ప్రకారం 55 ఏళ్లు నిండాలి, 30 ఏళ్ల పాటు రోజుకో పెట్టె చొప్పున సిగరెట్లు కాల్చి ఉండాలి. నల్లజాతి వారు సగటున తక్కువ కాల్చినా చిన్న వయసులోనే ఈ జబ్బు బారిన పడుతున్నారు. దాంతో క్యాన్సర్ తేలిన పొగతాగేవారిలో తెల్లవారు 56 శాతం మంది ఆ పరీక్షకు అర్హులు కాగా, నల్లజాతి వారు 32 శాతమే. 2021లో నిబంధనను 50 ఏళ్ల వయసుకు, రోజుకో పెట్టె చొప్పున 20 ఏళ్లకు తగ్గించారు.

పసిఫిక్ మహాసముద్రంలోని గ్వామ్ దీవి ఉదాహరణ తెలుగువారికి ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. అక్కడివారు వక్క నమలుతారు, కొందరు ఆకు, సున్నం, పొగాకు కూడా కలుపుతారు. వక్క ఒక్కటే అయినా క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004 నాటి గ్రంథంలో ప్రకటించింది. గ్వామ్ విశ్వవిద్యాలయం, హవాయి విశ్వవిద్యాలయ క్యాన్సర్ కేంద్రం కలిసి వక్క మాన్పించే కార్యక్రమం రూపొందించి, గ్వామ్‌లోనూ సైపాన్‌లోనూ దాన్ని పరీక్షించాయి. సిగరెట్ మాన్పించే పద్ధతులు ప్రపంచంలో ఎన్నో ఉన్నా, వక్క మాన్పించడం గురించి ఆలోచించడానికి వక్క నమిలే సమాజం నుంచి వచ్చిన పరిశోధకులు అవసరమయ్యారు.

శ్రీకాకుళం జిల్లాకు ఇలాంటి అనుభవం చాలాముందే ఉంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం కోసం, టాటా మౌలిక పరిశోధనా సంస్థ బృందం 1960లలో ఇల్లిల్లూ తిరిగింది. శ్రీకాకుళంతో పాటు ఎర్నాకుళం, భావనగర్, సింగ్‌భూమ్, దర్భంగా జిల్లాల్లో మొత్తం 50,915 మంది నోళ్లు పరీక్షించి 1969లో ఫలితాలు ప్రచురించింది. దీని వెనక అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల (ఎన్‌సీఐ వీటిలో ఒకటి) డబ్బుంది. ఆ దేశం మనకు అమ్మిన గోధుమల తాలూకు రూపాయలవి.

ప్యూర్టో రికోలో అక్కడి విశ్వవిద్యాలయం టెక్సాస్‌లోని ఎండీ ఆండర్సన్ కేంద్రంతో, పోన్సే వైద్య విశ్వవిద్యాలయం ఫ్లోరిడాలోని మోఫిట్ కేంద్రంతో జతకట్టాయి. పోన్సే-మోఫిట్ భాగస్వామ్యం దీవిలోని రోగుల కణితి నమూనాలు భద్రపరిచే బయోబ్యాంకును నెలకొల్పింది.

చదువు, ప్రైవేటు డబ్బు

పరిశోధకులు కావాలంటే ముందు విద్యార్థులు కావాలి. అందుకే ఎన్‌సీఐ ‘క్యూర్’ పేరుతో బడిపిల్లల దశ నుంచి సొంత ల్యాబు పెట్టుకునే దశ దాకా వరసగా ప్రోత్సాహాలు ఏర్పరచింది. అయినా చివరి మెట్టు దగ్గర తలుపు బరువుగానే ఉందని 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం నిరూపించింది. చదువు, అనుభవం, ప్రచురణలు వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా, జాతీయ ఆరోగ్య సంస్థల గ్రాంటు నల్లజాతి శాస్త్రవేత్తలకు దక్కే అవకాశం తెల్లవారి కంటే 10 శాతం పాయింట్లు తక్కువ.

ప్రైవేటు సంస్థలు ఆలస్యంగా, కానీ గట్టిగానే చేయి కలిపాయి. 2020లో బ్రిస్టల్ మైయర్స్ స్క్విబ్ ఫౌండేషన్ 10 కోట్ల డాలర్లతో, అయిదేళ్లలో 250 మంది వైద్యులకు క్లినికల్ ట్రయల్స్ నడపడంలో శిక్షణనిచ్చే పథకం ప్రకటించింది. దానికి వర్జీనియాలోని మాసీ క్యాన్సర్ కేంద్రం అధిపతి రాబర్ట్ విన్ పేరు పెట్టారు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ హోవర్డ్, మెహారీ, మోర్‌హౌస్, చార్లెస్ డ్రూ అనే నల్లజాతి వైద్య విద్యాసంస్థలకు సుమారు 1.2 కోట్ల డాలర్లు కేటాయించింది. అధ్యాపకుల సమయానికి కూడా ఉద్దేశించిన సొమ్మది. పాఠాలు చెప్పడంతోనే రోజంతా గడిచిపోయే చోట ఒక అధ్యాపకుడికి ల్యాబులో గడిపే సమయం కొనివ్వడం చాలా విలువైన సాయం.

2025

2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ వైవిధ్యం, సమానత్వం పేరిట నడిచే సమాఖ్య కార్యక్రమాలకు స్వస్తి చెబుతూ ఉత్తర్వు ఇచ్చాడు. తరవాతి నెలల్లో జాతీయ ఆరోగ్య సంస్థలు వందలాది గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేశాయి. జూన్‌లో బోస్టన్‌లోని సమాఖ్య న్యాయమూర్తి విలియం యంగ్ ఆ రద్దులు చెల్లవని తీర్పిచ్చాడు. గ్రాంట్ల డబ్బు వ్యవహారం ఆ కోర్టు పరిధిలోకి రాదంటూ సుప్రీంకోర్టు ఆగస్టు 21న 5-4 ఆధిక్యంతో రద్దుల అమలుకు అనుమతించింది. రద్దుల వెనక ఉన్న మార్గదర్శకాలను కొట్టేసిన భాగాన్ని మాత్రం అలాగే ఉంచింది.