కాల్చేయాలనిపించిన సంగీతం



క్రిస్మస్ వచ్చిందంటే "దూత పాట పాడుడీ" పాడకుండా మన ఆరాధన ముగియదు. ఆ రాగం ఫెలిక్స్ మెండెల్‌సన్ అనే జర్మన్ సంగీతకర్తది. యూదు కుటుంబంలో పుట్టి, 1816లో ఏడేళ్ల ప్రాయంలో బాప్తిస్మం పొందాడు. ఆయన రాసిన ఒక సింఫనీ గురించి ఈ వారం చదివాను. సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం వాయించే సంగీతం. ఇందులో మాటలుండవు.

1530 జూన్ 25న ఆగ్స్‌బర్గ్ పట్టణంలో లూథర్ పక్షంవారు తమ విశ్వాస ప్రమాణాన్ని ఐదవ చార్లెస్ చక్రవర్తి ఎదుట చదివి వినిపించారు. 1830లో దానికి 300 ఏళ్లు. ఆ పండుగ కోసమని మెండెల్‌సన్ 20 ఏళ్ల వయసులో ఈ సింఫనీ మొదలుపెట్టాడు. మధ్యలో తట్టు సోకి పని ఆలస్యమైంది. రాయడం పూర్తయినా, పండుగలో ఎవరూ దాన్ని వాయించలేదు. 1832లో పారిస్ వాద్యకారులు సాధన చేసి చూసి, పాండిత్యం ఎక్కువ, రాగం తక్కువ అని పక్కన పెట్టేశారు. ఆ నవంబరులో బెర్లిన్‌లో ఆయనే దగ్గరుండి వాయింపించాడు. కాని కొన్నేళ్లకు ఆయన మనసే విరిగిపోయింది. తన రచనలన్నిటిలో కాల్చేయాలనిపించేది ఇదేనని ఉత్తరంలో రాశాడు. 1847లో 38 ఏళ్లకే కన్నుమూశాడు.

అది 1868లో గాని అచ్చు కాలేదు. అన్నిటికన్నా ఆలస్యంగా అచ్చయింది కాబట్టి ఐదవ సింఫనీ అన్నారు. నిజానికి రాసిన వరుసలో అది రెండవది. "సంస్కరణ సింఫనీ" అని పేరు.

దాని చివరి భాగం వినండి. మొదట ఒక్క ఫ్లూటు లూథర్ కీర్తన ఎత్తుకుంటుంది. 46వ కీర్తన ఆధారంగా లూథర్ రాసిన ఆ పాటను మన తెలుగు లూథరన్ సంఘాలూ పాడుకుంటాయి. ఒక్కొక్క వాద్యం వచ్చి కలుస్తుంది. ముగింపులో బృందమంతా ఆ కీర్తననే గొంతెత్తి పాడినట్టు వాయిస్తుంది.

ప్రియులారా, నా సంగతి ఒకటి చెప్తాను. సేవలో తొలి ఏళ్లలో రాసుకున్న ప్రసంగాల నోటుపుస్తకాలు పనికిరావని ఒకరోజు పొయ్యిలో పెట్టేశాను. వాటిలో ఏది ఎవరికి ఆదరణ అయ్యేదో నాకెలా తెలుస్తుంది? మీలో సండేస్కూలు చెప్పి విసిగినవారున్నారు, బిడ్డల కోసం ప్రార్థించి అలసినవారున్నారు. మీ పనికి మీరే తీర్పు తీర్చుకోకండి. ఆ తీర్పు ప్రభువుది.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.