సీట్ల లెక్కపై సమ్మెలు: అమెరికా పైలట్ల ఒప్పందాల్లో స్కోప్ క్లాజు

అమెరికాలో పెద్ద విమాన సంస్థలు తమ పైలట్లతో చేసుకునే ఒప్పందాల్లో జీతభత్యాలతో సమానంగా పట్టుదలలు రేపే నిబంధన స్కోప్ క్లాజు. సంస్థ పేరుతో నడిచే సర్వీసులను ఎవరు నడపాలో ఇది నిర్ణయిస్తుంది. బయటి సంస్థలకు అప్పగిస్తే ఎన్ని విమానాలు, ఎన్ని సీట్లవి, ఎంత బరువున్నవి అప్పగించవచ్చో కూడా ఇందులోనే రాసుకుంటారు. ఈ నిబంధనకు అంత విలువ రావడానికి కారణం సీనియారిటీ పద్ధతి. పైలట్ జీతం, నడిపే విమానం, సెలవులు, పనిచేసే ఊరు అన్నీ ఆ సంస్థలో అతని సీనియారిటీని బట్టే ఉంటాయి. వేరే సంస్థకు మారితే జాబితాలో అట్టడుగు నుంచి మొదలుపెట్టాల్సిందే. అందువల్ల పని బయటికి పోతే పైలట్ దాని వెంట వెళ్లలేడు.

పని అప్పగించే పద్ధతి 1967లో చిన్నగా మొదలైంది. అలిఘెనీ ఎయిర్‌లైన్స్ తనకు గిట్టుబాటు కాని మేరీలాండ్‌లోని హేగర్స్‌టౌన్ సర్వీసును హెన్సన్ ఏవియేషన్‌కు ఇచ్చి, తన పేరుతోనే నడిపించింది. అవి కొద్దిమంది ప్రయాణికులెక్కే చిన్న విమానాలు కాబట్టి పెద్ద సంస్థల పైలట్లకు వాటితో పేచీ లేకపోయింది. 1978లో విమానయానంపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తివేశాక పరిస్థితి మారింది. పోటీలో నిలవడానికి సంస్థలు చిన్న ఊళ్ల ప్రయాణికులను హబ్ విమానాశ్రయాలకు చేర్చి, అక్కడి నుంచి దూరప్రాంతాలకు తీసుకెళ్లే ఏర్పాటు చేసుకున్నాయి. 1984లో అమెరికన్ ఈగల్, డెల్టా కనెక్షన్ ఇలాగే పుట్టాయి. టర్బోప్రాప్ విమానాలు, తక్కువ జీతాల పైలట్లు వీటి పెట్టుబడి.

పైలట్ల సంఘాలను అసలు కలవరపెట్టింది మరో పరిణామం. టెక్సాస్ ఇంటర్నేషనల్ అధిపతి ఫ్రాంక్ లొరెంజో 1980లో సంఘం లేని న్యూయార్క్ ఎయిర్‌ను స్థాపించాడు. ఒకే యజమాని సంఘం ఉన్న సంస్థ పక్కనే సంఘం లేని మరో సంస్థను నడపగలడని దీనితో తేలిపోయింది. 1983లో ఆయన చేతిలోనే ఉన్న కాంటినెంటల్ దివాలా పిటిషన్ వేసి, కార్మిక ఒప్పందాలను పక్కనబెట్టి, కోత వేసిన జీతాలతో సర్వీసులు నడిపింది. దివాలా తీసిన యజమాని కోర్టు అనుమతి లేకుండా కార్మిక ఒప్పందాన్ని రద్దు చేయకూడదని మరుసటి ఏడాది కాంగ్రెస్ చట్టం చేసింది. సంఘాలు తమ వంతుగా స్కోప్ క్లాజులను గట్టిగా బిగించాయి.

1990లలో రీజనల్ జెట్లు రావడంతో వివాదం ముదిరింది. 50 సీట్ల బొంబార్డియర్ సీఆర్‌జే 1992లో ఐరోపాలో సేవలోకి వచ్చింది. 1993లో ప్రాంతీయ సంస్థ కొమైర్ దాన్ని అమెరికాకు తెచ్చింది. ఆ తర్వాత ఎంబ్రాయర్ ఈఆర్‌జే-145 వచ్చింది. టర్బోప్రాప్‌లు దగ్గరి ఊళ్లకే పరిమితం కాగా, ఈ జెట్లు పెద్ద సంస్థల విమానాలు తిరిగే దూరాలకూ వెళ్లగలిగాయి. దాంతో చిన్న సంస్థలు తమ పనినే లాక్కుంటాయని పెద్ద సంస్థల పైలట్లు భయపడ్డారు.

మొదటి పెద్ద ఘర్షణ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో జరిగింది. అమెరికాలో విమాన కార్మిక వివాదాలు 1926 నాటి రైల్వే లేబర్ చట్టం కిందికి వస్తాయి. 1936లో దాన్ని విమానయానానికీ వర్తింపజేశారు. దీని ప్రకారం మధ్యవర్తిత్వం విఫలమై, 30 రోజుల గడువు ముగిశాకే సమ్మెకు దిగాలి. అప్పుడు కూడా అధ్యక్షుడు అత్యవసర బోర్డును వేసి సమ్మెను నిలిపివేయవచ్చు. జీతాలతో పాటు, ఈగల్ కొనదలచిన జెట్లను తామే నడపాలన్నది అమెరికన్ పైలట్ల డిమాండు. 1997 ఫిబ్రవరి 15న వారు సమ్మె మొదలుపెట్టిన నిమిషాల్లోనే అధ్యక్షుడు క్లింటన్ బోర్డు వేసి దాన్ని ఆపించారు. చివరికి జెట్లు ఈగల్‌కే దక్కినా, వాటి సంఖ్యకూ పరిమాణానికీ హద్దులు పడ్డాయి. రెండేళ్లకే, అమెరికన్ కొన్న రినో ఎయిర్ పైలట్లను తక్కువ జీతాలతో విడిగా ఉంచడంపై మళ్లీ గొడవ రేగింది. 1999 ఫిబ్రవరిలో పైలట్లు మూకుమ్మడిగా అనారోగ్య సెలవులు పెట్టడంతో వేల సర్వీసులు రద్దయ్యాయి. విధుల్లోకి రావాలన్న ఆదేశాన్ని పాటించనందుకు కోర్టు వారి సంఘానికి 4.55 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

ప్రాంతీయ సంస్థల పైలట్లకూ తమ వాదన ఉంది. డెల్టా సొంతం చేసుకున్న కొమైర్‌లో పైలట్లు జీతాలు, విశ్రాంతి, పింఛను కోసం 2001 మార్చి 26న సమ్మెకు దిగారు. 89 రోజులు సాగిన ఆ సమ్మెలో సంస్థ విమానాలన్నీ నేలకే పరిమితమయ్యాయి. డెల్టా పైలట్లకూ కొమైర్ పైలట్లకూ ప్రాతినిధ్యం వహించింది ఒకే సంఘం, ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్. పెద్ద సంస్థ కోసం స్కోప్ క్లాజు బిగిస్తే ప్రాంతీయ పైలట్ల ఎదుగుదల ఆగుతుంది. ఈ వైరుధ్యంపై కొందరు ప్రాంతీయ పైలట్లు సొంత సంఘం మీదే కోర్టుకెక్కారు.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత సంస్థల చేయి పైనైంది. 2002లో యూఎస్ ఎయిర్‌వేస్, యునైటెడ్, 2005లో డెల్టా, నార్త్‌వెస్ట్ దివాలా రక్షణ కోరాయి. ఒప్పందాన్ని కోర్టు రద్దు చేస్తుందేమోనన్న భయంతో పైలట్లు జీతాల కోతలతో పాటు స్కోప్ సడలింపులకూ తలొగ్గారు. 50 సీట్ల హద్దు 70కి, తర్వాత 76కి చేరింది. దశాబ్దం ముగిసేసరికి దేశీయ సర్వీసుల్లో దాదాపు సగం ప్రాంతీయ సంస్థలే నడిపాయి. 2011 చివర్లో దివాలాకు వెళ్లిన అమెరికన్‌లోనూ మరుసటి ఏడాది ఇదే తంతు జరిగింది.

ఈ ఏర్పాటులోని లోపాలను 2009 ఫిబ్రవరి 12న జరిగిన ప్రమాదం దేశం దృష్టికి తెచ్చింది. కాంటినెంటల్ పేరుతో కోల్గన్ ఎయిర్ నడిపిన విమానం బఫెలో దగ్గర కూలి 50 మంది చనిపోయారు. దర్యాప్తులో పైలట్ల శిక్షణ, అలసట, తక్కువ జీతాలు చర్చకొచ్చాయి. 2010లో వచ్చిన చట్టం సర్వీసును నిజంగా నడిపే సంస్థ పేరును టికెట్ కొనేటప్పుడే చెప్పాలంది. కో-పైలట్లకూ సాధారణంగా 1,500 గంటల అనుభవం తప్పనిసరి చేసిన నిబంధన 2013లో అమల్లోకి వచ్చింది.

సంస్థలు లాభాల్లోకి వచ్చాక బేరం తీరు మారింది. 2012లో డెల్టా పైలట్లు 76 సీట్ల ప్రాంతీయ జెట్ల సంఖ్యను 223 దాకా పెంచడానికి ఒప్పుకున్నారు. బదులుగా 50 సీట్ల జెట్లను 125కు తగ్గించడానికి, 88 బోయింగ్ 717లను తమ చేతికివ్వడానికి సంస్థ అంగీకరించింది. సొంత పైలట్ల పనికీ ప్రాంతీయ సంస్థల పనికీ మధ్య ఒక నిష్పత్తి కూడా రాసుకున్నారు. ఒప్పందాల్లోని 76 సీట్లు, 86,000 పౌండ్ల హద్దు విమాన తయారీదారులనూ కట్టడి చేసింది. ఎంబ్రాయర్ ఈ175-ఈ2 ఆ బరువు దాటడంతో దానికి అమెరికా మార్కెట్ అందలేదు. యునైటెడ్ అయితే 50 సీట్ల పరిమితిలో ఇమడడానికి పెద్ద సీఆర్‌జేలో సీట్లు తగ్గించి, 2019లో సీఆర్‌జే-550గా నడిపింది.

కొవిడ్ కాలంలో పెద్ద సంస్థలు సీనియర్లను ముందస్తు పదవీ విరమణతో పంపించాయి. ప్రయాణికులు తిరిగి రాగానే ఆ ఖాళీల్లోకి ప్రాంతీయ పైలట్లను తీసుకున్నాయి. 2020లో ట్రాన్స్ స్టేట్స్, కంపాస్ అనే ప్రాంతీయ సంస్థలు మూతపడ్డాయి; 2022లో ఎక్స్‌ప్రెస్‌జెట్ కూడా ఆగిపోయింది. పైలట్లు దొరక్క చిన్న ఊళ్లకు సర్వీసులు తగ్గాయి. 2022లో అమెరికన్ తన ప్రాంతీయ సంస్థల్లో జీతాలను భారీగా పెంచింది. తక్కువ జీతాల మీద నిలబడిన ఈ ఏర్పాటులో చౌక చాలావరకు హరించుకుపోయింది. దివాలాల కాలంలో ఒక్కో మెట్టు పెరిగిన సీట్ల హద్దు మాత్రం పెద్ద సంస్థల ఒప్పందాల్లో 76 దగ్గరే నిలిచిపోయింది.