ఆరును పన్నెండు చేయి: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

అవతారిక

ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టరు 1947 నుంచి 1952 దాకా అమెరికాలో తయారైంది. బూడిదరంగు రేకులు, ఎర్రటి ఇంజను. అయిదు లక్షలకు పైగా బయటికొచ్చిన ఈ బండ్లలో ఎన్నో అక్కడ ఇంకా గడ్డి కోస్తున్నాయి. మన పొలాల్లో తిరిగే డీజిల్ ట్రాక్టర్ల లాంటిది కాదు. పెట్రోలుతో, స్పార్క్ ప్లగ్గులతో నడుస్తుంది. దాని కరెంటు 6 వోల్టులు. దాన్ని 12కి మార్చడం అక్కడి పాత బండ్ల ప్రియులకు అలవాటైన పని. ఆ పనంతా ఒక్క వాక్యంలో ఇలా కుదించాను:

మూలం

ఆరును పన్నెండు చేయి, ఎర్త్ తిప్పు, డైనమో దించు, కాయిల్‌ను కాచు, బల్బు మార్చు, సెల్ఫ్‌ను త్వరగా వదులు.

ఆరును

బ్యాటరీలో ఒక్కో సెల్లు సుమారు 2 వోల్టులు. మూడు సెల్లులైతే 6, ఆరైతే 12. మరి 6తో వచ్చిన చిక్కేమిటి? టెర్మినల్‌కు పచ్చగా చిలుము పట్టిందనుకోండి. దాన్ని దాటడానికే ఒక వోల్టు ఖర్చయితే ఆరింట ఒక వంతు దారిలోనే పోయినట్టు. అంతే శక్తికి 12 దగ్గర సగం ఆంపియర్లు చాలు. అదే చిలుము అప్పుడు అర వోల్టే తింటుంది, అంటే ఇరవై నాలుగింట ఒక వంతు. 12 గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

ఇక్కడే ఒక ఆక్షేపణ. ఆ చిలుము గీకేస్తే సరిపోదా? చాలాసార్లు సరిపోతుంది. 6 వోల్టుల బండికి లావు కేబుల్ కావాలి. ఎవరో ఎప్పుడో 12 వోల్టుల సన్న కేబుల్ బిగించి, స్టార్ట్ కాకపోతే నింద ఆరు మీద వేస్తారు. కాబట్టి ముందు గీకి, కేబుల్ మార్చి చూడాలి. ఆ తర్వాతే మిగతా పదాల జోలికి వెళ్ళాలి.

ఎర్త్ తిప్పు

8ఎన్‌లో బ్యాటరీ ప్లస్ కొస బాడీకి తగిలించి ఉంటుంది. కొత్తగా పెట్టబోయే ఆల్టర్నేటర్ మైనస్ ఎర్త్ కోరుతుంది. దాని కడుపులోని డయోడ్లు కరెంటును ఒకే దిక్కుకు పోనిస్తాయి. బ్యాటరీ తిరగేసి కలిపితే అవి క్షణంలో మాడిపోతాయి. కనుక మైనస్‌ను బాడీకి, ప్లస్‌ను సెల్ఫ్ వైపుకు మార్చాలి. ఆమీటర్ వెనక రెండు తీగలూ తారుమారు చేయాలి. అది కొలిచేది ఆంపియర్లను. వోల్టులు ఆరైనా పన్నెండైనా దానికి పట్టదు, కరెంటు దిక్కు మాత్రం పడుతుంది.

డైనమో దించు

డైనమోతో పాటు దాని కటౌట్, రెగ్యులేటర్ కూడా దిగుతాయి. కొత్త ఆల్టర్నేటర్‌లో రెగ్యులేటర్ లోపలే ఉంటుంది. ఎక్కువమంది వాడే డెల్కో 10ఎస్ఐలో మూడు తీగలు కలిపే పద్ధతి ఒకటుంది. అందులో దాన్ని నిద్ర లేపే సన్న తీగ ఇగ్నిషన్ స్విచ్ నుంచి వస్తుంది. దాని మధ్యలో డయోడ్ గానీ చిన్న బల్బు గానీ పెట్టకపోతే తమాషా జరుగుతుంది. తాళం తిప్పేసినా ఇంజను ఆగదు. ఆల్టర్నేటర్ అదే తీగ గుండా వెనక్కి ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు అందిస్తూనే ఉంటుంది.

కాయిల్‌ను కాచు

వాక్యానికి గుండెకాయ ఈ పదమే. 6 వోల్టుల కాయిల్ నిరోధం ఒకటిన్నర ఓమ్ అనుకుందాం. 6ను ఒకటిన్నరతో భాగిస్తే 4 ఆంపియర్లు. 12ను భాగిస్తే 8. వేడి నాలుగు రెట్లు. కాయిల్ కాలుతుంది, డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు నల్లబడతాయి. దారిలో ఇంకో ఒకటిన్నర ఓమ్ రెసిస్టర్ పెడితే మొత్తం 3 ఓమ్‌లు, మళ్ళీ 4 ఆంపియర్లు. ఆ రెసిస్టర్ దాదాపు 24 వాట్ల వేడి కక్కుతుంది. చెయ్యి తగలని చోట, ఇనుము మీద బిగించాలి. లేదా ఏకంగా 12 వోల్టుల కాయిలే తెచ్చుకోవచ్చు.

విశేషం: తొలి 8ఎన్‌లలో డిస్ట్రిబ్యూటర్ ఇంజను ముందు భాగంలో ఉండి, చతురస్రపు కాయిల్ దాని నెత్తిన కూర్చుంటుంది. 1950లో అది పక్కకు మారి గుండ్రటి కాయిల్ వచ్చింది. ఏ బండికి ఏ రెసిస్టరో ఇది చూడకుండా చెప్పకూడదు.

బల్బు మార్చు

వివరణ అక్కర్లేదు. పాతదానికి 12 ఇస్తే ఒక్క మెరుపు, తర్వాత చీకటి. వైరింగ్‌కు మాత్రం మేలు: 6 దగ్గర 35 వాట్ల దీపం దాదాపు 6 ఆంపియర్లు లాగితే, 12 దగ్గర 3 చాలు.

సెల్ఫ్‌ను త్వరగా వదులు

సెల్ఫ్ మోటార్‌ను మార్చమనలేదు, గమనించండి. 6 వోల్టులదే 12తో గిర్రున తిరుగుతుంది, ఇంజనూ వెంటనే అందుకుంటుంది. అయితే దాని పళ్ళచక్రం ఫ్లైవీల్ పళ్ళను గట్టిగా గుద్దుకుంటుంది. అదే పనిగా బటన్ నొక్కి పట్టుకుంటే లోపలి చుట్టలు మాడతాయి. కొన్ని సెకన్లలో పలకకపోతే వేలు తీసి, తప్పు మరోచోట వెతకాలి.

తాత్పర్యం

ఈ వాక్యంలో పన్నెండు ఒక నానార్థ పదం. తీగకు ఊరట, కాయిల్‌కు జ్వరం, బల్బుకు చావు, ఆమీటర్‌కు ఏమీ కాదు. ఒక్కో భాగం దగ్గర ఆగి అర్థం అడగకుండా బ్యాటరీ ఒక్కటి మార్చినవాడు మూలం చదివాడే గానీ వ్యాఖ్య చదవలేదు. చదివినవాడికి పరీక్ష రెండు నిమిషాలే. బండి స్టార్ట్ చేస్తే ఆమీటర్ ముల్లు ప్లస్ వైపు వాలాలి. తాళం తిప్పితే ఇంజను ఆగాలి.